నెలవంక ఎవరి కంట పడింది?

రమజాన్ ఇరవై తొమ్మిదో రోజు. ఇఫ్తార్ అయింది, మగ్రిబ్ నమాజూ ముగిసింది. పిల్లలు మేడెక్కి పడమటి దిక్కుకు చూస్తున్నారు. అటంతా మబ్బు. కొన్నేళ్ళ క్రితం కోస్తాలోని ఓ చిన్న పట్టణంలో, మాకు బాగా కావలసిన వారి ఇంట్లో జరిగిన సంగతి ఇది.

ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. అన్నయ్య జామియా మసీదుకు వెళతాడు. తమ్ముడు కొత్త కాలనీలో కట్టిన మసీదుకు వెళతాడు. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో పొరుగు జిల్లా నుంచి ఫోను వచ్చింది, నెలవంక కనిపించిందని. కాలనీ మసీదువారు రేపే పండుగ అని మైకులో ప్రకటించారు. జామియా మసీదువారు మాత్రం సాక్ష్యం చాలదు, ముప్పయ్యో రోజా ఉండాల్సిందే అన్నారు.

"నలుగురు చూశారట భాయ్‌జాన్! ఇంకేం కావాలి?" అన్నాడు తమ్ముడు.

"ఎవరా నలుగురు? నువ్వు చూశావా?"

"మరి చంద్రుడు లేడని నువ్వు చూశావా?"

మాట మీద మాట పెరిగింది. అంతకు ముందు సంవత్సరం కూడా ఇదే గొడవ. అప్పుడు బక్రీద్ దాకా, అంటే రెండు నెలల పైచిలుకు, ఆ అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. చెల్లెలి పెళ్ళి మాటలు కూడా దానివల్లే వెనక్కి పోయాయి. ఆ రాత్రి వరండాలో నేనూ ఉన్నాను కనుక నన్ను మధ్యవర్తిని చేశారు. నాకు తెలిసిన హదీసు చెప్పాను. నెలవంకను చూసి ఉపవాసాలు మొదలుపెట్టమని, చూసి విరమించమని, మబ్బు పట్టి కనిపించకపోతే ముప్పై పూర్తి చేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు. నేను మాట ముగించీ ముగించకముందే తమ్ముడు "విన్నావా? చూశాక విరమించమన్నారు. చూశారు కదా!" అన్నాడు. అన్నయ్య "విన్నావా? మబ్బుంటే ముప్పై అన్నారు. మబ్బుంది కదా!" అన్నాడు. నేను చెప్పింది ఒకే హదీసు. ఇద్దరికీ అది తమవైపు సాక్ష్యమే అయింది!

అప్పటిదాకా మౌనంగా తస్బీహ్ తిప్పుతున్న వాళ్ళమ్మ తలెత్తి అడిగింది. "రేపు నేను రోజా ఉండాలా, వద్దా? ముందు అది చెప్పండి." ఆమె ప్రశ్న తేలికైనది కాదు. రమజాన్ రోజా కావాలని వదిలేయడం పాపం. పండుగనాడు రోజా ఉండడం నిషిద్ధం. ఇద్దరు కొడుకుల మధ్య ఆ తల్లి పడిన ఇబ్బంది చూశాక, ఇలాంటి తగాదాలో వాదన ఎంతవరకు పనికొస్తుంది అన్న ఆలోచన నన్ను వదల్లేదు.

నెలవంక విషయంలోనే చరిత్ర గ్రంథాల్లో ఓ చక్కని ఉదంతం ఉంది. దైవప్రవక్త (స)కు పదేళ్ళు సేవ చేసిన హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) వయసు నూరేళ్ళకు దగ్గరపడింది. అందరూ నెలవంక కోసం వెతుకుతున్నారు. ఎవరికీ కనిపించలేదు. అనస్ (రజి) మాత్రం "అదుగో, అక్కడ ఉంది" అని వేలు చూపించారు. ఆయన మాటను కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఆయన అబద్ధమాడే మనిషి కాదాయె. అలాగని ఆకాశంలో ఏమీ లేదు. పక్కనే ఇయాస్ బిన్ ముఆవియా ఉన్నారు. తర్వాతి కాలంలో బస్రా ఖాజీగా, మేధావిగా పేరుపొందినవారు ఆయనే. ఆయన పెద్దాయన ముఖంలోకి పరీక్షగా చూశారు. నెరిసిన కనుబొమ వెంట్రుక ఒకటి వంగి కంటి ముందుకు వచ్చి ఉంది. ఇయాస్ దాన్ని మెల్లగా సవరించి, ఇప్పుడు చూపించండి అన్నారు. పెద్దాయన మళ్ళీ చూసి, ఇప్పుడు కనిపించడం లేదన్నారు.

ఇయాస్ చేసిన పనిలో నాకు నచ్చింది ఆయన తెలివి ఒక్కటే కాదు. ఆయన వాదించలేదు. పొరబడ్డారనలేదు. ఆ పెద్దాయనకు నిజంగానే ఏదో కనిపిస్తోందని ఒప్పుకుని, అది ఎందుకు కనిపిస్తోందో వెతికారు. మనం ఎదుటివారి ఉద్దేశాన్ని శంకించడంతో మొదలుపెడతాం. అక్కడి నుంచి ఎంత గట్టిగా మాట్లాడినా లాభం లేదు.

అయితే అన్ని తేడాలూ కంటి మీద వెంట్రుక వల్ల వచ్చేవి కావు. కొన్నిసార్లు ఇద్దరూ సరిగానే చూస్తారు. నెలకూ నెలకూ మధ్య వ్యవధి సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. అందుకే ఓ నెల ఇరవై తొమ్మిది, ఓ నెల ముప్పై. అమావాస్య దాటిన చంద్రుడు సూర్యుడి నుంచి గంటకు దాదాపు అర డిగ్రీ చొప్పున దూరం జరుగుతాడు. సూర్యుడికి ఏడు డిగ్రీల లోపు ఉన్నంతసేపు నెలవంక కనిపించదని ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆంద్రే దాంజో 1930లలో తేల్చారు. హైదరాబాదులో సూర్యుడు అస్తమించాక మక్కాలో అస్తమించడానికి సుమారు రెండున్నర గంటలు పడుతుంది. ఆ లోపు చంద్రుడు మరో డిగ్రీకి పైగా జరిగిపోతాడు. ఇక్కడ కనిపించనిది అక్కడ కనిపించడంలో వింతేముంది? కువైట్‌లోనో దమ్మామ్‌లోనో పనిచేసే కొడుకు పండుగ శుభాకాంక్షలు చెబుతూ ఫోను చేస్తే, కడపలోనో నిజామాబాదులోనో తల్లి ఆ పూట సహరీ చేసి రోజాలో ఉండడం మన ఇళ్ళల్లో మామూలే. చంద్రుడు ఒక్కడే. నిలబడిన చోట్లు వేరు.

ఇలాంటిదే హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) కాలంలోనూ జరిగింది. ఆయన తల్లి ఉమ్ముల్ ఫజల్ (రజి) ఏదో పని మీద కురైబ్ గారిని సిరియాలో ఉన్న హజ్రత్ ముఆవియా (రజి) వద్దకు పంపారు. కురైబ్ అక్కడ ఉండగానే రమజాన్ నెలవంక కనిపించింది. జుమా రాత్రి, అంటే మన వాడుకలో గురువారం సాయంత్రం. నెలాఖరులో ఆయన మదీనాకు తిరిగివచ్చారు. నెలవంకను ఎప్పుడు చూశారని ఇబ్నె అబ్బాస్ (రజి) అడిగారు. జుమా రాత్రి అన్నారు కురైబ్. స్వయంగా చూశావా? చూశాను, ప్రజలూ చూశారు, ముఆవియా (రజి) కూడా రోజా ఉన్నారు. మేము మాత్రం శనివారం రాత్రి చూశాం, కనుక ముప్పై పూర్తయ్యేదాకా లేదా నెలవంక కనిపించేదాకా ఉంటాం అన్నారు ఇబ్నె అబ్బాస్ (రజి). ముఆవియా (రజి) చూసింది చాలదా అంటే, చాలదు, దైవప్రవక్త (స) మమ్మల్ని ఇలాగే ఆదేశించారు అని జవాబిచ్చారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఉల్లేఖనం ఇది.

కురైబ్ బయటివారు కాదు. ఇబ్నె అబ్బాస్ (రజి) విముక్తి కలిగించిన మనిషి, ఆయన ఇంట్లోవారు. నీ మాట నమ్మను అని ఇబ్నె అబ్బాస్ (రజి) అనలేదు. నమ్మారు. అయినా తన రోజా మార్చుకోలేదు. ఎదుటివాడు నిజమే చెబుతున్నాడని ఒప్పుకుంటూనే అతనితో ఏకీభవించకుండా ఉండవచ్చునన్నమాట. మన వరండా తగాదాల్లో ఈ అవకాశం ఎవరికీ తోచదు. నా మాట వినకపోతే నన్ను అబద్ధాలకోరు అన్నట్టే అనుకుంటాం.

తమాషా ఏమిటంటే ఈ ఉల్లేఖనాన్ని సైతం పండితులందరూ ఒకేలా అర్థం చేసుకోలేదు. ఏ ప్రాంతం వారి దర్శనం ఆ ప్రాంతం వారికేనని షాఫయీ పండితులు ఎక్కువమంది అన్నారు. ఒకచోట కనిపిస్తే మిగతావారికీ వర్తిస్తుందని హనఫీ పూర్వ పండితులలో చాలామంది అన్నారు.

మాటను ఒకేసారి విన్నవారి మధ్య కూడా తేడా రావచ్చు. హిజ్రీ 5లో కందక యుద్ధం ముగిశాక, బనూ ఖురైజా వాడకు చేరేదాకా ఎవరూ అస్ర్ నమాజు చేయవద్దని దైవప్రవక్త (స) తన సహచరులను పంపారు. దారిలోనే అస్ర్ వేళ అయిపోతోంది. చేయవద్దన్నారు, చేరాకే చేస్తామన్నారు కొందరు. త్వరగా వెళ్ళమనడమే ఆయన ఉద్దేశం, నమాజు వేళ తప్పించమని కాదు అని మరికొందరు దారిలోనే చేసేశారు. తర్వాత విషయం విన్న దైవప్రవక్త (స) ఎవరినీ మందలించలేదు. నేను ఇందులో ఇంకోటి కూడా చూస్తాను. ఆ రెండు జట్లూ దారిలో కత్తులు దూసుకోలేదు. ఒకే దారిన, ఒకే చోటికి చేరాయి.

 జుమా రోజున చాలా ఇళ్ళల్లో సూరా కహఫ్ పారాయణం జరుగుతుంది. అందులో హజ్రత్ మూసా (అ)కూ, హదీసులు హజ్రత్ ఖిజర్ (అ)గా పేర్కొన్న దైవదాసునికీ మధ్య జరిగిన ప్రయాణం ఉంది. నావకు చిల్లు పెట్టడం చూసి మూసా (అ) సహించలేకపోయారు. ఆయన చూసింది తప్పా? కాదు, చిల్లు పడిన మాట నిజం. కాకపోతే మంచి నావలన్నిటినీ లాక్కునే రాజు వెనక వస్తున్నాడన్న సంగతి ఆయనకు తెలియదు. తెలియని దాని మీద ఓపిక పట్టడం ఎంత కష్టమో ఖిజర్ (అ) ముందే హెచ్చరించారు, మూసా (అ) మాటా ఇచ్చారు. అయినా మూడుసార్లూ ఆగలేకపోయారు. సాక్షాత్తూ అల్లాహ్‌తో సంభాషించిన ప్రవక్త పరిస్థితే అది!

దీన్నిబట్టి ఎవరికి తోచింది వారికి సత్యం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సత్యం ఒక్కటే. ధర్మశాస్త్ర విషయంలో శ్రమించి నిర్ణయించిన న్యాయాధికారి సరిగా చేస్తే రెండు పుణ్యాలు, పొరబడితే ఒక పుణ్యం అని హదీసు ఉందంటే, ఒప్పూ పొరపాటూ వేర్వేరుగా ఉన్నాయనే కదా. వాదనలో గెలవడానికి మాత్రం సత్యంతో సంబంధం ఉండాలని లేదు. తన దగ్గరకు తగాదా తెచ్చేవారిలో ఒకరు మాటకారి కావచ్చునని, తాను విన్నదాన్నిబట్టి తీర్పు ఇస్తానని, అలా సోదరుని హక్కు ఎవరికైనా దక్కితే అది నిప్పు ముక్కేనని దైవప్రవక్త (స) హెచ్చరించారు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసును ఫ్లీడర్లే కాదు, ఇంట్లో అన్నదమ్ములూ గుర్తుంచుకోవాలి.

ఇమామ్ మాలిక్ (రహ్మలై) తన ముఅత్తా గ్రంథాన్ని రాజ్యమంతటా శాసనం చేస్తానని అబ్బాసీ ఖలీఫా అన్నప్పుడు వద్దన్నారు. సహాబాలు వేర్వేరు దేశాలకు వెళ్ళారు, ఒక్కో చోటివారికి ఒక్కో విధంగా జ్ఞానం అందింది, వారిని అలాగే ఉండనివ్వమన్నారు. తన గ్రంథం మీద ఆయనకు నమ్మకం లేక కాదు. ఇక ఇమామ్ షాఫయీ (రహ్మలై) ఈజిప్టుకు వెళ్ళాక, బాగ్దాదులో ఇచ్చిన తన అభిప్రాయాల్లోనే అనేకం మార్చుకున్నారు. అక్కడి శిష్యుడు యూనుస్ సదఫీతో ఒకసారి వాదన జరిగి విడిపోయారు. తర్వాత కలిసినప్పుడు ఇమామ్ గారే ఆయన చేయి పట్టుకుని, ఒక్క విషయంలో కలవనంత మాత్రాన సోదరులుగా ఉండలేమా అన్న భావంతో మాట్లాడారట.

నెలవంక విషయంలో హనఫీ పండితులు చెప్పిన నియమం ఒకటి నాకు చాలా లోతుగా కనిపిస్తుంది. ఒక్కడే రమజాన్ నెలవంకను చూశాడు, అతని సాక్ష్యాన్ని ఖాజీ అంగీకరించలేదు. అతను రోజా ఉండాలి, ఎందుకంటే తన కన్ను చూసింది. కానీ షవ్వాల్ నెలవంకను ఒక్కడే చూస్తే, తన కన్ను చూసినా సరే, ఒంటరిగా పండుగ చేసుకోకూడదు. అందరితోపాటు రోజాలోనే ఉండాలి. అందరూ పండుగ చేసుకునే రోజే పండుగ అన్న భావం గల హదీసు తిర్మిజీలో ఉంది. గల్ఫ్ నుంచి ముప్పై పూర్తి చేసుకుని వచ్చినవారు ఇక్కడ ఇంకా రోజా నడుస్తుంటే ఏం చేయాలని అడుగుతుంటారు. దిగిన ఊరివారితోపాటు ఉండమనే ఎక్కువమంది ఉలమాలు చెబుతారు.

ఆ రాత్రి వరండాలో ఇవేవీ నాకు గుర్తు రాలేదు. తల్లే తేల్చింది. "మీరిద్దరూ చూడలేదు కదరా. చూసినవాళ్ళు వేరే. వాళ్ళు చూసినదానికి మీకెందుకీ అరుపులు?" అని, తాను ఉంటున్నది పెద్దకొడుకు ఇంట్లో కనుక ఆ ఇంటి మసీదు ప్రకారం రోజా ఉంటానంది. తమ్ముడు మాట్లాడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఈసారీ బక్రీద్ దాకా అంతేననుకున్నాం.

మర్నాడు కాలనీలో పండుగ. సాయంత్రం ఇఫ్తార్‌కు పావుగంట ముందు తమ్ముడు కొత్త బట్టల్లో, మూతపెట్టిన షీర్ ఖుర్మా గిన్నెతో వచ్చాడు. గిన్నె దస్తర్‌ఖాన్ మీద పెట్టి గోడవారగా కూర్చున్నాడు. మగ్రిబ్ అజాన్ వినిపించేదాకా మూత తీయలేదు, తానూ మంచినీళ్ళు ముట్టలేదు. అన్నయ్య తన పళ్ళెంలోని ఖర్జూరాల్లో సగం అతని ముందుకు జరిపాడు. నెలవంక మాట ఎవరూ ఎత్తలేదు. తెల్లవారి తమ్ముడి పిల్లలు మళ్ళీ కొత్త బట్టలు వేసుకుని పెద్దనాన్నతో ఈద్‌గాకు వెళ్ళి, రెండోసారి ఈదీ వసూలు చేసుకున్నారు. ఆ యేడు రోజాలు ఇరవై తొమ్మిదని తమ్ముడు, ముప్పై అని అన్నయ్య ఇప్పటికీ అంటూనే ఉంటారు.