అమ్మకొక బొంత

కన్నవారికి బొంత కుట్టి యీయదలచిన వారికి నా యనుభవ మొకటి విన్నవించెదను. తొలుత నేను మా యమ్మకు ఆఱు పొరల బొంత కుట్టితిని. ఆమె మురిసి పెట్టెలో దాచెనేగాని కప్పుకొనలేదు. కారణ మడుగగా, "దీనిని తడిపి పిండుటకు నా చేతులకు సత్తువ యెక్కడిదే, అమ్మాయీ!" యనెను. నేను సిగ్గుపడితిని.

రెండవ బొంత మూడు పొరలతోనే కుట్టితిని. ఆఱు గజముల పాత నూలుచీరను రెండేసి గజముల వంతున మూడు తునకలు చేయవలెను. గంజి మిగిలినచో పురుగు చేరును గనుక వేడినీట నుతికి యెండలో ఆరబెట్టవలెను. నేలపై ముడుతలు లేకుండ పఱచి, నడుమనుండి యంచులకు పెద్దకుట్లు వేసి పొరలను నిలిపి, పిదప సన్నని కుట్లు వరుసగా వేయవలెను. దారము బిగించి లాగినచో బట్ట ముడుచుకొనును. అంచులు మడిచి కుట్టి, తుదకు పెద్దకుట్లు విప్పవలెను. పొరల నడుమ నిలిచిన గాలి వెచ్చదనమును కాపాడును గావున, మందము తగ్గెనని శంకింప బనిలేదు.

ఇప్పుడా బొంత మా యమ్మ మంచముపైననే యున్నది. ఆమెయే యుతికి యారవేసికొనుచున్నది. కావున సూది పట్టుటకు ముందు మీ తల్లిదండ్రుల చేతుల సత్తువ నెఱిగి పొరలు పేర్చుడు.