డెస్క్‌టాప్‌లో ఏది మార్చుకోనివ్వాలి, ఏది మార్చకుండా ఉంచాలి?

రేపల్లె, తెనాలి, బాపట్లలో శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు తయారయ్యే డీటీపీ షాపుల్లో ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరు ముగ్గురు మారుతుంటారు. అందరి వేళ్లకూ ఒకే అలవాటు ఉండదు. ఒకరు అను స్క్రిప్టు అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'యాపిల్' అనే కీబోర్డు అమరిక మీద చెయ్యి తిరిగినవారు. మరొకరు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల కోసం 1986లో ప్రభుత్వం ఖరారు చేసిన మీటల అమరిక) నేర్చుకున్నవారు. కొత్తగా చేరిన కుర్రాడికి ఫొనెటిక్ (పలికినట్టే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే పద్ధతి) తప్ప మరొకటి రాదు.

'రేపల్లె' అనే మాటే చూడండి. ఇన్‌స్క్రిప్ట్‌లో దానికి వరసగా జె, ఎస్, హెచ్, ఎన్, డి, ఎన్, జెడ్ మీటలు నొక్కాలి. ఫొనెటిక్‌లో ఆర్‌తో మొదలుపెట్టి పలికినట్టే కొట్టుకుంటూ పోవచ్చు. ఏళ్ల తరబడి వేళ్లకు పట్టిన అలవాటును ఒక్కరోజులో మార్చమంటే పని ఆగిపోతుంది. కాబట్టి ఇక్కడ ఎంపిక ఉండి తీరాలి. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ చాలాకాలంగా ఉన్నా, 2019లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డును కూడా చేర్చింది అందుకే.

అలాగని అన్నీ మార్చుకోనిస్తే ఏమవుతుంది? ఆన్, ఆఫ్ మీటలు పది ఉంటే 1,024 రకాల అమరికలు పుడతాయి. వాటన్నిటినీ తయారీదారు పరీక్షించలేడు. ఒకరు దాచిన టాస్క్‌బార్ (తెర అంచున ఉండే పట్టీ) ఇంకొకరికి కనపడదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000లో మెనూలు వాడకాన్ని బట్టి వాటంతట అవే కుదించుకుపోయేవి. తెరను సులువు చేద్దామనుకున్నారు గానీ, నిన్న కనిపించిన ఆదేశం ఇవాళ కనిపించక జనం వెతుక్కున్నారు.

మరీ కత్తిరించినా ఇబ్బందే. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్‌నూ, స్టార్ట్ మెనూనూ తీసేసింది. విమర్శలు రావడంతో 2013లో బటన్‌నూ, 2015లో విండోస్ 10తో మెనూనూ తిరిగి తెచ్చారు. లినక్స్‌లోనూ ఇదే జరిగింది. 2011లో గ్నోమ్ 3 డెస్క్‌టాప్ పాత అమరికను వదిలేస్తే, అది కావాలనుకున్నవాళ్లు 'మాటే' (MATE) అనే వేరే డెస్క్‌టాప్‌ను నిర్మించుకున్నారు.

ఈ చర్చ ఇప్పుడు అవసరం. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు మారినవాళ్లకు స్టార్ట్ బటన్ టాస్క్‌బార్ మధ్య భాగంలో కనిపిస్తుంది. దాన్ని ఎడమకు జరుపుకోవచ్చు. కానీ 2021లో ఆ విండోస్ వచ్చినప్పుడు టాస్క్‌బార్‌ను తెర పక్కకు మార్చుకునే వీలు తీసేశారు.

నా దృష్టిలో గీత ఇక్కడ గీయాలి. మనుషుల చేతులు, కళ్లు, భాష, పని నిజంగా వేరైన చోట ఎంపిక ఉండాలి. కీబోర్డు, అక్షరాల సైజు అలాంటివి. తయారీదారులు తమలో తాము తేల్చుకోలేక వాడేవాళ్ల మీదికి నెట్టే ఎంపికలు అక్కర్లేదు. ఎక్కువమంది ఏదీ మార్చరు కాబట్టి డిఫాల్ట్ (మనం ముట్టుకోకపోతే ఉండే అమరిక) మీదే అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. చేసిన మార్పును వెనక్కి తీసుకోవడం కూడా తేలిగ్గా ఉండాలి.

షాపులవాళ్లు ఈలోగా చేయగలిగింది ఒకటుంది. పనిచేసే ప్రతి ఒక్కరికీ విడి యూజర్ అకౌంట్ తెరవండి. విండోస్ కీబోర్డు, టాస్క్‌బార్ అమరిక ఎవరివి వారికే ఉంటాయి. ఒకరి సౌకర్యం మరొకరికి అడ్డు కాదు.