పాదు లేని చెట్టు

ఉప్పల్‌లోనో నాచారంలోనో రోడ్డు వెంట నడిచేటప్పుడు చెట్ల కొమ్మలను అందరం చూస్తాం. మొదలు చూసేవారు తక్కువ. ఈసారి మొదలు చూడండి. కొన్ని చెట్ల చుట్టూ మట్టి పాదు ఉంటుంది. మరికొన్నింటి చుట్టూ సిమెంటు కాండానికి ఆనుకుని బిగుసుకుపోయి ఉంటుంది. ఈ చిన్న తేడా మీదే చెట్టు బతుకు ఆధారపడి ఉంది.

మా బడి ముందు ఒకే ఏడాది నాటిన రెండు కానుగ చెట్లు ఉండేవి. కాలిబాట వేసినవారు ఒకదాని చుట్టూ సిమెంటు పోసేశారు. రెండోదాని చుట్టూ కాస్త మట్టి మిగిలింది. కొన్నేళ్ళ తర్వాత ఒక మే నెల సాయంత్రం గాలివాన వచ్చింది. సిమెంటులో ఉన్న చెట్టు మొదలంటా ఒరిగి పడింది. రోజూ దాని నీడన నిలబడే జామకాయల బండి అతను ఆ పూట రాలేదు కనుక ప్రాణం దక్కింది. మర్నాడు తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు అడిగాడు: “అదే గాలి కదా సార్, రెండోది ఎందుకు పడలేదు?”

మంచి ప్రశ్న. జవాబు నేల కింద ఉంది.

వేరు కూడా ఊపిరి పీలుస్తుంది

కిరణజన్య సంయోగక్రియ పచ్చని ఆకుల్లో జరుగుతుంది. శ్వాసక్రియ మాత్రం వేళ్ళతో సహా ప్రతి జీవకణంలోనూ జరుగుతుంది. మంచి నేలలో దాదాపు సగం మట్టి రేణువులైతే, మిగతా సగం గాలి, నీరు నిండిన సందులు. వేళ్ళు ఆ సందుల్లోని ఆక్సిజన్‌ను తీసుకుని, కార్బన్ డై ఆక్సైడ్‌ను వదులుతాయి. ఆ శ్వాస వల్ల వచ్చిన శక్తితోనే లవణాలను లోపలికి తీసుకుంటాయి. పైన సిమెంటు మూత పడితే గాలి దిగదు, నీరు ఇంకదు. లేత వేళ్ళు చచ్చిపోతాయి. వేళ్ళు దూరం పాకకపోతే చెట్టుకు పట్టు ఉండదు. పడిపోయిన మా కానుగ వేళ్ళు ఎడ్లబండి చక్రమంత మేర కూడా వ్యాపించలేదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. కాండం చుట్టూ ఒక మీటరు వ్యాసార్ధంతో పాదు ఉందనుకోండి. దాని వైశాల్యం సుమారు 3.14 చదరపు మీటర్లు. ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే అందులో 31 లీటర్ల నీరు పడుతుంది. హైదరాబాదులో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన కురుస్తుంది. అంటే దాదాపు 2,500 లీటర్లు! సిమెంటు పోస్తే ఆ నీరంతా కాలువ పాలే. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలోని చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఆదేశించింది.

నాటడం ఒక రోజు, సాకడం ఏళ్ళ తరబడి

2007 వరకు ఉప్పల్ కలాన్ ఒక ప్రత్యేక పురపాలక సంఘం. ఆ ఏడాది అది గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది. 2020లో ఆ సంస్థ చట్టాన్ని సవరించి, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని నిర్దేశించారు. నర్సరీలో మొక్కలు పెంచడం, నాటడం, కంచె కట్టడం, నీరు పోయడం, కొమ్మలు కత్తిరించడం, ఆకులు ఎత్తడం – ఇవన్నీ ఏడాది పొడుగునా సాగే పనులు.

ఏ మొక్క ఎక్కడ నాటాలో తేల్చడానికీ శాస్త్రం కావాలి. రోడ్డు మధ్య డివైడర్‌లో మట్టి లోతు తక్కువ, ఎండ ఎక్కువ. అందుకే అక్కడ తరచుగా గన్నేరు, కాగితంపూలు కనిపిస్తాయి. గన్నేరు ఆకు మందం. దాని పత్రరంధ్రాలు ఆకు అడుగున గుంటల్లో దాగి ఉంటాయి. కనుక బాష్పోత్సేకం తక్కువ, నీటి పొదుపు ఎక్కువ.

కొమ్మలు కత్తిరించడంలోనూ జాగ్రత్త కావాలి. తీగలకు అడ్డమని ఒక పక్కే నరికితే బరువంతా రెండో పక్కకు పడుతుంది. అలాంటి చెట్టు గాలికి తట్టుకోలేదు.

మరి వేసవిలో నీరు? మనం వాడి వదిలిన నీరే. ఉప్పల్ నల్లచెరువు దగ్గర మూసీ శుద్ధి పథకం కింద కట్టిన మురుగునీటి కేంద్రం సామర్థ్యం రోజుకు 3 కోట్ల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ల లెక్కన అది 6,000 ట్యాంకర్ల నీరు. ఇలా శుద్ధి చేసిన నీరు తాగడానికి పనికిరాకపోయినా చెట్ల దాహం తీర్చగలదు. కానీ పాదు లేకపోతే పోసిన నీరు కూడా రోడ్డు మీదికే పోతుంది.

మీరు చేయదగిన పని

ఒక టేపు, నోటుబుక్కు, చెంబెడు నీళ్ళు తీసుకుని మీ వీధిలోని పది చెట్ల దగ్గరికి పెద్దవారితో కలిసి వెళ్ళండి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత కొలవండి. పాదు ఉందో లేదో, ఉంటే ఎంత వెడల్పో రాయండి. మొదట్లో నీళ్ళు పోసి, ఇంకడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. సిమెంటు బిగిసిన చెట్లు కనబడితే మీరే పగలగొట్టకండి, వేళ్ళు తెగుతాయి. మీ పట్టికను ఉపాధ్యాయుల ద్వారా వార్డు కార్యాలయానికి పంపండి. రాలిన ఆకులను కాల్చవద్దు. పాదులో పలచగా పరిస్తే తేమ నిలుస్తుంది, కుళ్ళి ఎరువవుతుంది.

మా బడి ముందు మిగిలిన కానుగ చుట్టూ ఆ తొమ్మిదో తరగతి పిల్లలే పాదు సరిచేశారు. జామకాయల బండి ఇప్పుడు దాని నీడకు మారింది.