ఎల్‌ఈడీ దీపం కొంటున్నారా? ముందు వెనక్కి తిప్పి చూడండి

దీపావళికి ఎల్‌ఈడీ దీపాలు ఆర్డర్ పెట్టేవాళ్ల కోసమే ఈ ఎపిసోడ్. నూనె లేదు, మంట లేదు, చిన్నపిల్లలున్న ఇంటికి ఇవే సేఫ్ అనుకుంటాం కదా. మంట వరకు నిజమే. కానీ చాలా దీపాల్లో అడుగున బటన్ బ్యాటరీ ఉంటుంది. అసలు ప్రమాదం దాంతోనే.

పాకే పిల్లలు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు. ఈ బిళ్ల అన్నవాహికలో ఇరుక్కుంటే, అక్కడి తడికి కరెంట్ పారి క్షారం తయారవుతుంది. అది లోపలి గోడని కాల్చేస్తుంది. 2 గంటల్లోనే తీవ్రమైన గాయం అవ్వొచ్చు. బ్యాటరీ లీక్ అవ్వక్కర్లేదు. దీపం వెలగడం మానేసినా, ఆ పాత బ్యాటరీలో గాయం చేసేంత పవర్ మిగిలుండొచ్చు.

అమెరికాలో 2020లో రిమోట్‌లోని బ్యాటరీ మింగి 18 నెలల పాప చనిపోయింది. ఆ పాప పేరు మీదే 2022లో ‘రీసెస్ లా’ అనే చట్టం వచ్చింది. బొమ్మలకి అక్కడ ముందే రూల్ ఉంది. డెకరేషన్ సామాను బొమ్మ కాదు కదా! ఆ లోటుని ఈ చట్టం పూడ్చింది. ఇప్పుడు అక్కడ బ్యాటరీ మూత తెరవాలంటే స్క్రూడ్రైవరో, నాణెమో కావాలి. లేదా ఒకేసారి రెండు వేర్వేరు కదలికలు చెయ్యాలి. కింద పడేసినా మూత ఊడకూడదు. ప్యాకెట్ మీద హెచ్చరిక ఉండాలి.

మనం ఎక్కడున్నా ఈ చెక్ చేసుకోవచ్చు. కొనేముందు దీపం వెనకవైపు ఫోటో చూడండి. మూతకి స్క్రూ ఉందా? గోరుతో లాగితే వచ్చేసే మూతైతే వదిలెయ్యండి. ఇంట్లో ఇప్పటికే ఉన్నవి పిల్లలకి అందని ఎత్తులో పెట్టండి. పాత బ్యాటరీకి రెండు వైపులా టేప్ అంటించి, వెంటనే బయటికి పంపెయ్యండి.

పిల్లలు మింగారని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించొద్దు, ఏడుపు ఆగింది కదా అని ఊరుకోవద్దు. 108కి ఫోన్ చేసి హాస్పిటల్‌కి వెళ్లండి. ‘బటన్ బ్యాటరీ’ అని డాక్టర్‌కి ముందే చెప్పండి, ఎందుకంటే ఎక్స్‌రేలో అది నాణెంలా కనిపించొచ్చు. మింగడం ఎవరూ చూడకపోయినా, ఉన్నట్టుండి చొంగ కారడం, తిండి మింగలేకపోవడం కనిపిస్తే అనుమానించండి.

మీ అక్కావాళ్లింట్లో, పక్క ఫ్లాట్‌లో చంటిపిల్లలుంటే, ఈ ఎపిసోడ్ ఈ రోజే వాళ్లకి పంపండి.