మగ్గపు సవ్వడి – ఎలక్ట్రానిక్ సంగీతం

సంగీతమనగానే పల్లవి, చరణం, తాళం స్ఫురిస్తాయి. ఇవేవీ లేకుండా పరిసరంలా చెవిని ఆవరించే ఎలక్ట్రానిక్ సంగీతమూ ఉంది. 1978లో బ్రయాన్ ఈనో విమానాశ్రయాల కోసం కూర్చిన రికార్డు ఇందుకు ప్రసిద్ధం. మన దేశంలో 1969లోనే అహమ్మదాబాదు జాతీయ డిజైన్ సంస్థకు మూగ్ సింథసైజర్ వచ్చింది. నేడు అభిరుచి గల విద్యార్థికి ఒక కంప్యూటరు చాలు.

అమలాపురం చెంతనున్న బండారులంక చేనేతకు పేరుపొందింది. అక్కడి మగ్గపు సవ్వడినే తీసుకుందాం. రికార్డు చేసిన ధ్వని వేగాన్ని సగానికి తగ్గిస్తే నిడివి రెట్టింపవుతుంది, శ్రుతి ఒక స్థాయి దిగుతుంది. నాడె చప్పుడు గంభీరమవుతుంది. దాని వెనుక తంబురా వలె ఎడతెగని శ్రుతిని నిలపాలి. 7 సెకన్ల ఖండాన్నీ, 11 సెకన్ల ఖండాన్నీ ఒకేసారి ఆరంభించి ఆపక తిప్పితే, 77 సెకన్లకు గాని రెండూ మళ్ళీ కలిసి మొదలు కావు. అందుకే విన్నదే విన్నట్లుండదు.

మగ్గాలు తగ్గుతున్న ఈ రోజుల్లో ఆ సవ్వడిని ముందుగా చెవులారా విని, భద్రపరచుకోవడం మన కర్తవ్యమని భావిస్తున్నాము.