వైద్యమునకు వెల చెల్లించున దెవరు?

ఆదోని ప్రత్తి మార్కెట్టులో బస్తాలు మోయు ఒక హమాలీకి గుండెనొప్పి వచ్చినదనుకొందము. ఊరిలో ప్రభుత్వ ఆసుపత్రి కలదు. అంతకు మించిన చికిత్స కావలసివచ్చినచో సుమారు నూరు కిలోమీటర్ల దూరమున నున్న కర్నూలుకు పోవలెను. ఎమ్మిగనూరు నేతగానికి ఆ దూరము కొంత తక్కువ. కాని మగ్గము ఆగిననాడు అతని కూలియు ఆగును. కావున వైద్యపు వెల యనగా మందుల ధర మాత్రమే కాదు. బండి కిరాయి, తోడువచ్చినవాని తిండి, పోయిన కూలి, తెచ్చిన అప్పునకు వడ్డీ, ఇవన్నియు ఆ లెక్కలోనివే.

ఈ వెలను చెల్లించు మార్గములు మూడు: రోగి తన చేతినుండి ఇచ్చుట, పలువురు ముందుగా కూడబెట్టిన బీమా సొమ్ము నుండి ఇచ్చుట, పన్నుల సొమ్ముతో ప్రభుత్వమే భరించుట.

అమెరికా దేశమున ఈ వివాదము నేటికిని తెగలేదు. అందరికిని బీమా ఉండవలెనని 1945లో అధ్యక్షుడు ట్రూమన్ ప్రతిపాదించెను; అది నెగ్గలేదు. 1965లో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ ఏర్పడెను. 2010లో ఒబామా కాలమున మరియొక శాసనము వచ్చెను. అయినను అచ్చట జాతీయోత్పత్తిలో నూటికి పదునేడు వంతులకు పైగా వైద్యమునకే వ్యయమగుచున్నది. బీమా లేనివారు కోట్ల సంఖ్యలో ఉన్నారు. ధరలు హెచ్చుగా నుండుట, బీమా లెక్కల నిర్వహణకే పెద్ద మొత్తము ఖర్చగుట ఇందుకు ముఖ్య కారణములు. ధనము సమృద్ధిగా నున్నంత మాత్రమున వైద్యము అందరికి అందదని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున, డబ్బులేని కారణముచే ఎవ్వరికిని వైద్యము అందకుండ పోరాదని 1946లో భోర్ కమిటీ చెప్పెను. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారము, 2013-14లో మొత్తము వైద్యవ్యయమున నూటికి 64 వంతులు ప్రజలే చేతినుండి పెట్టుకొనిరి; 2021-22 నాటికి అది 39 వంతులకు తగ్గెను. మన రాష్ట్రమున 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమయ్యెను. ప్రభుత్వములు మారినపుడు దాని పేరు మారినది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. పెద్ద శస్త్రచికిత్సలకు అది పేదలకు గొప్ప అండ. కాని మధుమేహమునకు, రక్తపోటునకు ప్రతిదినము బయట కొను మాత్రల ఖర్చు గృహస్థుని మీదనే పడును. మరియు ప్రభుత్వపు చెల్లింపు ఆలస్యమైనచో చికిత్సయే నిలిచిపోవచ్చును. 2025 అక్టోబరులో బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలను నిలిపివేసెను.

ఇప్పుడు చర్చ ఆదోని గడపకే వచ్చినది. ఇచ్చట తలపెట్టిన వైద్యకళాశాలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యమున నడుపుటకు 2025 సెప్టెంబరులో మంత్రివర్గము నిర్ణయించెను. మదనపల్లె, మార్కాపురము, పులివెందుల కళాశాలలును ఇందులో చేరియున్నవి. పెట్టుబడి త్వరగా సమకూరి పని శీఘ్రముగా ముగియునని ఒక పక్షము వాదించుచున్నది. ప్రజల ఆస్తి పరాధీనమై, చదువును చికిత్సయు ప్రియమగునని వేరొక పక్షము ఆక్షేపించుచున్నది.

ఏ పక్షము వారమైనను మనము అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ఉచితముగా చూచు పడకలు ఎన్ని? రుసుము నిర్ణయించున దెవరు? ఒప్పందము తప్పినచో రోగి ఎవరితో మొరపెట్టుకొనవలెను? అన్నిటికంటె ముఖ్యముగా, ఆ హమాలీ అర్ధరాత్రివేళ కర్నూలు దారి పట్టవలసిన అవసరము తప్పునా? ఈ ప్రశ్నలకు సూటియైన సమాధానము దొరకిననాడే ఆ కట్టడము మనకు ఆసుపత్రి యగును.