దీవిని నిలిపిన విద్య

ఒక వర్షాకాలం గడిచిన తరువాత మా మదరసా అలమారు తెరిచి చూడగా, పాత కితాబుల పుటలు చెదలు తిని పొడిగా రాలిపడ్డాయి. వాటిని మళ్ళీ సంపాదించలేకపోయాము. ఆనాటి నుండి గ్రంథాలను కాపాడుకున్నవారి చరిత్ర ఎక్కడ కనిపించినా శ్రద్ధగా చదువుతున్నాము. వెనిస్ నగరాన్ని ఆనుకొని ఉన్న ఉప్పునీటి సరస్సులోని శాన్ లాజరో దీవి చరిత్ర అట్టిదే.

12వ శతాబ్దంలో కుష్ఠురోగులను ఊరికి దూరంగా ఉంచడానికి ఆ దీవిని కేటాయించారు. కాలక్రమాన రోగులు తగ్గిపోగా దీవి పాడుపడింది. ఉస్మానీ రాజ్యంలోని సివాస్‌లో 1676లో జన్మించిన ఆర్మేనియన్ సన్యాసి మెఖితార్, యుద్ధం మూలంగా గ్రీసులోని తన మఠాన్ని విడిచి, 1715లో శిష్యులతో వెనిస్ చేరాడు. నగరంలో కొత్త మఠాలకు చట్టం అనుమతించనందున 1717లో ఈ దీవిని వారికిచ్చారు.

వారు శిథిలాలను బాగుచేసి, తోటలు పెంచారు. తరువాతి తరాలవారు నీటిని పూడ్చి నేలను విస్తరించగా, దీవి తొలి విస్తీర్ణానికి సుమారు 4 రెట్లయి 3 హెక్టార్లకు చేరింది. 1789లో అక్కడ ముద్రణాలయం వెలసింది. ఆర్మేనియన్ భాషా నిఘంటువులు, చరిత్రలు అచ్చయ్యాయి. ఆంగ్ల కవి బైరన్ 1816లో ఆ భాష నేర్వడానికి అక్కడికే వెళ్ళాడు. 1810లో నెపోలియన్ పాలన మఠాలను మూసివేయించినప్పుడు, విద్యాపీఠంగా గుర్తింపు పొందిన ఈ మఠం ఆ ఉత్తర్వు నుండి తప్పించుకుంది.

ఈ కథలో మన దక్షిణ దేశానికీ భాగమున్నది. మద్రాసులో వ్యాపారం చేసిన ఆర్మేనియన్లు శామ్యూల్ మూరత్, ఎడ్వర్డ్ రాఫెల్ విద్య నిమిత్తం విడిచిన ధనంతోనే 1836లో ఈ సన్యాసుల ఆధ్వర్యంలో వెనిస్‌లో ఒక పాఠశాల ఏర్పడింది.

1975లో అగ్నిప్రమాదం సంభవించి గ్రంథాలయంలో కొంత భాగం కాలిపోయింది. అయినా పనిని వదలలేదు. సుమారు 4,000 వ్రాతప్రతులు నేటికీ అక్కడున్నాయి. వాటి కొరకు అగ్నికి తట్టుకొనే గుండ్రని భవనం ప్రత్యేకంగా ఉన్నది. దీవి ఇప్పటికీ ఆ మఠానిదే.

వారి మతం వేరు, భాష వేరు. కాని సొంత దేశానికి దూరమైన కొద్దిమంది మనుషులు ఒక భాషను, దాని గ్రంథాలను మూడు శతాబ్దాలు నిలిపారన్న సంగతి ఎవరికైనా పాఠమే. సోదర సోదరీమణులారా! తాతగారి ట్రంకుపెట్టెలో చేతివ్రాత కితాబు ఏదైనా ఉన్నదేమో ఈ సెలవు దినాన తెరిచి చూడండి. తేమ తగలని చోట పెట్టి, అది ఎవరు వ్రాసినదో పిల్లలకు చెప్పండి. మేము ఆలస్యం చేశాము, మీరు చేయకండి.